గిన్నె తోమే పీచు చేతిలో ఎందుకు ఆగదు?

అంట్లు తోమి లేచాక బొటనవేలి మొదట్లో సలుపు పుడితే, వేళ్ల కొసలు మండితే, మనం ముందుగా గిన్నెను తప్పుపడతాం. పాలు మాడాయనో, పప్పు అడుగంటిందనో, సబ్బులో పస లేదనో అంటాం. చేతిలో ఉన్న పీచు మీద మాత్రం అనుమానం రాదు. కొట్టు ముందు వేలాడే అట్టలోంచి తెంపి ఇచ్చే వస్తువు అది. పదో ఇరవయ్యో రూపాయలు పెట్టి తెచ్చుకుంటాం, అరిగిపోతే పారేసి ఇంకోటి తెచ్చుకుంటాం. దాన్ని ఎవరో కూర్చుని ఆలోచించి తయారు చేయాలని, అందులోనూ మంచీ చెడూ ఉంటాయని తోచదు.

కానీ ఇంట్లో రోజుకు రెండు మూడు సార్లు, ఏళ్ల తరబడి, తడిచేత్తో, బలమంతా పెట్టి పట్టుకునే పనిముట్టు వేరే ఏముంది? ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. వాటిలో చాలా చేతులు ఒక ఇంటితో ఆగక మూడు నాలుగు ఇళ్ల అంట్లు తోమేవి. అందుకే ఈ చిన్న వస్తువును కాస్త ఓపిగ్గా పరిశీలించాలి.

తోమేటప్పుడు చెయ్యి చేసే పని ఏమిటి?

ఒకటి కాదు, రెండు పనులు. పీచును గిన్నెకు అదిమి ముందుకూ వెనక్కూ నడపడం ఒకటి. అది జారిపోకుండా పట్టుకోవడం రెండోది. మురికి వదిలేది మొదటి పనివల్లే. రెండో పనివల్ల ఒక్క ఎండిన మెతుకు కూడా ఊడదు. అయినా చెయ్యి అలిసిపోయేది ఎక్కువగా ఆ రెండో పనితోనే.

ఎందుకంటే, అటూ ఇటూ రుద్దేటప్పుడు కండరం ఒకసారి బిగుసుకుంటుంది, ఒకసారి వదులవుతుంది. వదులైన ప్రతిసారీ దానికి కొత్త నెత్తురు అందుతుంది. పట్టుకోవడంలో ఆ విరామం లేదు. మొదటి గిన్నె నుంచి చివరి గరిటె దాకా బిగిసిన కండరం బిగిసినట్టే ఉంటుంది. అలా బిగిసి ఉన్నంతసేపూ దానికి నెత్తురు సరిగా ఆడదు. పైగా వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి పొడుగాటి నరాల్లాంటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్లలోకి వస్తాయి. వేళ్లతో పట్టుకుంటే ముంజెయ్యి ఎందుకు పీకుతుందో ఇప్పుడు తెలుస్తుంది.

కాబట్టి పీచు మంచిదా కాదా అనేది అది ఎంత బాగా గోకుతుందన్నదాన్ని బట్టి మాత్రమే తేల్చకూడదు. తనను పట్టుకోవడానికి అది మన చేతిని ఎంత బలం అడుగుతోందో కూడా చూడాలి. మన బజార్లో దొరికే వాటిలో చాలావాటిని గిన్నె కోసమే తయారు చేశారు. చెయ్యి సంగతి ఎవరూ ఆలోచించినట్టు కనపడదు.

పీచు ఎందుకు జారుతుంది?

ఇంట్లోనే ఒక ప్రయోగం చేయవచ్చు. చదునైన స్టీలు పళ్లెంలో ఒక పచ్చ ప్యాడ్ పెట్టండి. దానిమీద సబ్బునీళ్లు పోయండి. నాలుగు వేళ్లూ చాపి ప్యాడ్ వీపు మీద ఆనించి, బొటనవేలు ఎక్కడా తగలకుండా, అదుముతూ ముందుకు తోయండి. ప్యాడ్ పళ్లెం మీద జరిగితే జరుగుతుంది. లేదంటే ప్యాడ్ ఉన్నచోటే ఉండి, మీ వేళ్లే దాని వీపు మీద జారతాయి.

ఈ రెండింటిలో ఏది జరుగుతుందో నిర్ణయించేది ఏమిటి? వేళ్లు ప్యాడ్‌ను ఎంత బరువుతో అదుముతున్నాయో, ప్యాడ్ పళ్లేన్ని అంతే బరువుతో అదుముతుంది. బరువు రెండు చోట్లా సమానం. ఇక మిగిలింది ఘర్షణ. వీపు మీద వేళ్లకు దొరికే పట్టు, పళ్లెం మీద ప్యాడ్ ముఖానికి దొరికే పట్టు కన్నా ఎక్కువైతే ప్యాడ్ కదులుతుంది. తక్కువైతే వేళ్లు జారతాయి. ఇంకా గట్టిగా అదిమితే పోదా అంటే, పోదు. అదిమేకొద్దీ రెండు పట్లూ దాదాపు ఒకే లెక్కన పెరుగుతాయి. జారేది జారుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం ఇంకాస్త అలుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మాడు వదలాలని తోమే ముఖాన్ని మరింత గరుకుగా చేస్తే, ఆ ముఖం గిన్నెను మరింత గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు వీపు మీద వేళ్లు జారే అవకాశం పెరుగుతుంది. వీపు సంగతి పట్టించుకోకుండా ముఖాన్నే బాగుచేసుకుంటూ పోయిన పీచు చేతిని మరీ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బాగా గరుకైన పీచుతో తోమితే పని త్వరగా అయినా చేతులు ఎక్కువ నొప్పెడతాయని చాలామంది చెప్పేది నిజమే.

సబ్బునీళ్లు దీనికి తోడవుతాయి. వేలికీ ప్యాడ్‌కూ మధ్య సన్నని నీటి పొర చేరిందంటే చర్మం ప్యాడ్‌ను తాకనే తాకదు, నీటి మీద తేలుతుంది. ఆ నీరు పక్కకు పోవడానికి దారి ఉండాలి. వాన రోడ్డు మీద బండి జారకుండా టైరుకు గాళ్లు తీసినట్టే, పీచు వీపు మీద సన్నని గాళ్లో చిన్న చిన్న రంధ్రాలో ఉంటే అదిమినప్పుడు నీరు వాటిలోకి పోతుంది, చర్మం నేరుగా ప్యాడ్‌ను పట్టుకుంటుంది. నున్నటి ప్లాస్టిక్ వీపున్న స్క్రబ్బర్లు కొట్లో పొడిచేత్తో పట్టుకుంటే చేతికి ఎంతో బాగుంటాయి. ఇంటికి తెచ్చి సబ్బు తగిలించాక ఆ సుఖం ఉండదు.

మన శరీరం కూడా ఈ సంగతి ఎరిగినట్టే ఉంది. నీళ్లలో చాలాసేపు నానితే వేళ్ల కొసలు ముడతలు పడతాయి. చర్మం నీరు పీల్చి ఉబ్బడం వల్లే అలా అవుతుందని చాలామంది అనుకుంటారు. కానీ నరాలు ఆజ్ఞ ఇస్తేనే, లోపలి రక్తనాళాలు కుంచించుకుంటేనే ఆ ముడతలు వస్తాయి. వేలికి వెళ్లే నరం దెబ్బతింటే ఎంత నానినా ముడత పడదు. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో, ముడతలు పడిన వేళ్లతో తడి గోళీలను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడం మామూలు వేళ్లతో కన్నా త్వరగా అయింది. పొడి గోళీల దగ్గర ఆ తేడా లేదు. గాళ్లు నీటిని పక్కకు పంపుతాయన్న సూత్రం మన వేలి కొసల్లోనే ఉండవచ్చని దీన్నిబట్టి అనిపిస్తుంది.

బొటనవేలికే అంత నొప్పి ఎందుకు?

వేళ్లు వీపు మీద జారడం మొదలవగానే చెయ్యి ఒక ఉపాయం చేస్తుంది. బొటనవేలిని కిందికి తెచ్చి, ప్యాడ్ అంచును చూపుడువేలి పక్కకు నొక్కి పట్టుకుంటుంది. తాళంచెవిని పట్టుకునే తీరు అదే. ప్యాడ్ ఇక జారదు. కానీ భారమంతా బొటనవేలి మీద పడుతుంది.

చేతి పట్టును రెండు రకాలుగా చూడాలని బ్రిటన్ శరీరశాస్త్రవేత్త జాన్ నేపియర్ 1956లో చెప్పాడు. గుప్పిట మొత్తంతో పట్టుకునే బలమైన పట్టు ఒకటి, వేళ్ల కొసలతో పట్టుకునే సున్నితమైన పట్టు ఇంకొకటి. రోకలిని మొదటి పట్టుతో పట్టుకుంటాం, సూదిని రెండోదానితో. గుప్పిట పట్టుకు ఉన్న బలంలో వేళ్ల కొసల పట్టుకు ఉండేది నాలుగో వంతో, అంతకన్నా తక్కువో. సూది పట్టుకోవాల్సిన తీరులో పట్టుకుని రోకలితో దంచే పని చేయమంటే ఆ వేళ్లు ఏమవుతాయి? పలచటి చదును ప్యాడ్‌తో మాడు గిన్నె తోమేటప్పుడు మనం చేస్తున్నది అదే.

బొటనవేలిని కదిపే రెండు స్నాయువులు మణికట్టు దగ్గర ఒక ఇరుకైన తొడుగులోంచి పోతాయి. మణికట్టును పక్కకు వంచుతూ, మెలితిప్పుతూ, బొటనవేలిని నొక్కుతూ పదే పదే పనిచేస్తే ఆ తొడుగు మందమెక్కి స్నాయువులు నలుగుతాయి. స్విట్జర్లండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో దీన్ని వివరంగా వర్ణించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. బట్టలు పిండే ఆడవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని ఆ రోజుల్లోనే వైద్యులు గమనించారు. పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకూ వస్తుంది. ఆ నొప్పి వారాల తరబడి ఉంటే అది పీచు మారిస్తే పోయేది కాదు, డాక్టరుకు చూపించాలి.

పూర్వం కొబ్బరి పీచుతో తోమేవాళ్లకు ఈ బాధ లేదా?

చేతులు కాయలు కాసేవి, బూడిద చర్మాన్ని తినేసేది. ఆ రోజులే బాగుండేవని నేను అనను. కానీ పట్టు విషయంలో మాత్రం ఆ పీచు ముద్ద నయం. దాన్ని ఉండలా చుట్టి గుప్పిట నిండా పట్టుకునేవాళ్లు. బొటనవేలు నొక్కాల్సిన అవసరం లేదు. చర్మానికి తగిలే వైపు కూడా పీచే కాబట్టి జారేది కాదు. గచ్చు మీద పీట వేసుకుని కూర్చుని, గిన్నెను నేలకు ఆనించి తోమితే భుజం నుంచి ఒంటి బరువు కిందికి దిగేది. ఇప్పుడు సింకు దగ్గర నిలబడి ఎడమచేత్తో గిన్నెను గాల్లో పట్టుకుని కుడిచేత్తో తోముతున్నాం. నడుముకూ మోకాళ్లకూ ఇది మేలు. కానీ బరువు దించే వీలు పోయి, ఎడమచేతికి కూడా పట్టుకునే పని కొత్తగా వచ్చింది. గిన్నెను సింకు అడుగుకు ఆనించి తోమితే ఆ పని సగం తగ్గుతుంది.

గుప్పిట నిండే ఆకారం ఎంత మేలో జపానువాళ్ల తవాషీని చూస్తే అర్థమవుతుంది. తాటిజాతి చెట్టు పీచును తీగలో బిగించి, దాన్ని గుండ్రంగా వంచి చేసిన కోడిగుడ్డంత బ్రష్షు అది. టోక్యోలో నిషియో షోజాయెమోన్ అనే ఆయన ముందు అలాంటి పీచు తీగలతో కాళ్లు తుడుచుకునే పట్టాలు చేశాడట. తొక్కేకొద్దీ పీచు అణిగిపోయి అవి తిరిగి వచ్చాయి. ఆయన భార్య ఆ తీగ ముక్కనొకదాన్ని వంచి ఇల్లు శుభ్రం చేయడానికి వాడుకుంటుంటే చూసి, 1907లో దాన్నే సరుకుగా తెచ్చాడని ఆ సంస్థ చరిత్ర. తాబేలు ఆకారం కాబట్టి తాబేలు తవాషీ అని పేరు పెట్టాడు. నూరేళ్లు దాటినా ఆకారం పెద్దగా మారలేదు. మారకపోవడానికి కారణం ఉంది: ఆ పరిమాణం అరచేతి గుంటలో కూర్చుంటుంది, వేళ్లు చుట్టూ వాటంతట అవే ముడుచుకుంటాయి.

మరి పచ్చ ప్యాడ్ పలచగా, రెండు వైపులా ఒకేలా ఎందుకుంది?

తయారీ పద్ధతి అలాంటిది కాబట్టి. అమెరికాలోని త్రీఎం సంస్థలో పనిచేసే ముగ్గురికి 1960లో దీనిమీద పేటెంటు దక్కింది. నైలాన్ పోగుల్ని నేయకుండా, అల్లకుండా, చిందరవందరగా పరిచి పలచటి దూదిపరుపులా చేస్తారు. దానిమీద జిగురులాంటి రెజిన్‌ను, గరుకు పొడిని కలిపి చల్లుతారు. పొయ్యిలో వేడిచేస్తే రెజిన్ గట్టిపడి, పోగులు ఒకదాన్నొకటి తాకినచోట అతుక్కుపోతాయి, గరుకు రేణువులు పోగుల మీద నిలిచిపోతాయి. ఆ తర్వాత కావలసిన కొలతకు కోస్తారు.

ఇందులో గొప్పదనం ఖాళీ. ప్యాడ్‌లో ఎక్కువ భాగం గాలే. అందుకే మురికి ఇరుక్కోదు, నీటికింద పెడితే కొట్టుకుపోతుంది, స్టీలు పీచులా తుప్పు పట్టదు, ముళ్లు విడవదు. నిజంగా మంచి ఆవిష్కరణ. కానీ రేణువులు రెండు వైపులా, లోపలా కూడా ఉంటాయి. చాలా ప్యాడ్లలో ఆ రేణువు అల్యూమినియం ఆక్సైడు. పది మెట్లున్న మోస్ గట్టిదనపు కొలబద్ద మీద అది తొమ్మిదో మెట్టు. గాజు ఐదున్నర దగ్గర, మన గోరు రెండున్నర దగ్గర ఉంటాయి. గాజును గీయగల రేణువులున్న వీపునే మనం వేలి కొసలతో నొక్కుతున్నాం. గోళ్ల అంచులు అరగడం, వేలి కొసల చర్మం పలచబడి మండడం దీనివల్లే. సబ్బు అప్పటికే చర్మంలోని నూనెను లాగేసి ఉంటుంది కాబట్టి మంట ఇంకా ఎక్కువ.

స్టీలు పీచుకూ ఇదే లోపం. చదునుగా నొక్కిన తీగను చుట్టలు చుట్టలుగా అల్లుతారు. ఆ తీగ అంచు మాడును ఎంత బాగా కోస్తుందో వేలినీ అలాగే కోస్తుంది. దానికీ చేతివైపు అంటూ ఏమీ లేదు.

అయితే స్పాంజి అతికిస్తే సరిపోదా?

చాలావరకు సరిపోతుంది. పచ్చ పొర వెనుక స్పాంజి అతికించిన ప్యాడ్ మామూలు ప్యాడ్ కన్నా అన్నివిధాలా చేతికి మేలు. స్పాంజి మెత్తగా అణగి వేలి ఆకారం తీసుకుంటుంది, తగిలే వైశాల్యం పెరుగుతుంది, దాని గదుల్లోకి నీరు దిగిపోయి చర్మానికి పట్టు దొరుకుతుంది. మందం వల్ల వేళ్లు గిన్నెకు దూరంగా ఉంటాయి, గోళ్లు గీసుకోవు.

కానీ మెత్తదనంలో ఒక పరిమితి ఉంది. స్పాంజి మరీ మెత్తగా ఉంటే గట్టిగా అదిమినప్పుడు పూర్తిగా చదునైపోయి, వేళ్లు మళ్లీ గట్టి గిన్నెనే తాకినట్టవుతుంది. మరీ మందంగా ఉంటే మనం వేసిన బలం స్పాంజిని నలపడానికే పోతుంది, ముఖం కింద మాడు అలాగే ఉంటుంది. బొటనవేలితో నడిమధ్య గట్టిగా నొక్కినప్పుడు సగందాకా దిగి అక్కడ ఎదురు తిరిగే స్పాంజి మంచిది. అడుగు దాకా దిగిపోయేది వారం తిరక్కుండా అట్టలా అయిపోతుంది.

స్పాంజి పక్కల్లో పొడుగునా ఒక గాడి తీసిన ప్యాడ్లు ఐరోపా ఇళ్లలో చాలాకాలంగా వాడుతున్నారు. ఇప్పుడు ఇక్కడా దొరుకుతున్నాయి. ఆ గాడిలో బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు రెండోవైపు కూర్చుంటాయి. చూడటానికి చిన్న మార్పే. దానివల్ల పట్టు ఘర్షణ మీద ఆధారపడటం మానేసి ఆకారం మీద ఆధారపడుతుంది. వేలు గాడి అంచును తోస్తుంది, గాడి అంచు ప్యాడ్‌ను నడుపుతుంది. సబ్బు ఎంతున్నా జారే ప్రశ్న లేదు. నొక్కి పట్టుకోవాల్సిన పనీ లేదు. నడుము దగ్గర సన్నగా ఉండే ఆకారం కూడా ఇదే పని చేస్తుంది. పట్టు గురించి ఆలోచించే ఎవరికైనా నేను ముందుగా చెప్పేది ఇదే: ఘర్షణను నమ్ముకోకండి, వేలికి తోయడానికి ఒక గోడ ఇవ్వండి.

ఆ గోడ రంధ్రం అంచైనా కావచ్చు. అమెరికాలో ఆరన్ క్రాస్ తయారు చేసిన నవ్వు మొహం స్క్రబ్బరు, 2012లో షార్క్ ట్యాంక్ టీవీ కార్యక్రమంలో కనిపించాక ఇంటింటికీ చేరింది. బొమ్మలా కనిపిస్తుంది గానీ కళ్ల రంధ్రాలు రెండు వేళ్లు దూర్చడానికి, నోటి చీలిక చెంచాను రెండువైపులా ఒకేసారి తుడవడానికి. ఆయన మొదట దాన్ని చేసింది వంటింటికి కాదు, బండ్ల పనిలో గ్రీజు పట్టిన చేతులు కడుక్కోవడానికి. మన పెరటి బీరపీచులోనూ ఆ ఏర్పాటు ఉంది. పాదు మీదే ఎండిన నేతిబీర కాయను అడ్డంగా కోసి గింజలు దులిపితే మూడు సొరంగాలు కనిపిస్తాయి. అరచెయ్యి వెడల్పు ముక్క కోసుకుంటే ఆ సొరంగాల్లోకి వేళ్లు పోతాయి. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి నానగానే మెత్తబడుతుంది. నాన్‌స్టిక్ పెనాన్ని గీయదు. మాడు మీద మాత్రం దాని బలం చాలదు, అక్కడ గంట ముందు నీళ్లు పోసి నానబెట్టాలి. నానబెట్టడం అన్నిటికీ మంచిదే. గంజి నీరు పీల్చి ఉబ్బితే గిన్నెను తానే వదులుతుంది, ఎంత మంచి పీచైనా ఆ పని చేతికి తప్పించలేదు.

పిడి పెడితే?

పిడి కథ చెప్పాలంటే శామ్ ఫార్బర్ దగ్గర మొదలుపెట్టాలి. వంటసామాను వ్యాపారంలో ఉండి విశ్రాంతి తీసుకున్న ఆయన, కీళ్లవాతం ఉన్న భార్య బెట్సీ కూరగాయల తొక్క తీసే పీలరును పట్టుకోలేక అవస్థ పడుతుంటే చూశాడు. న్యూయార్కులోని స్మార్ట్ డిజైన్ సంస్థతో కలిసి, లావుపాటి, మెత్తటి రబ్బరు పిడి ఉన్న పీలరును 1990లో బజారులోకి తెచ్చాడు. పిడి పక్కల సన్నటి రబ్బరు రేకులు ఉంటాయి, తడి వేలు అక్కడ ఆగుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్ల కోసం ఆలోచించి చేసిన ఆ పిడిని ఏ నొప్పీ లేనివాళ్లు కూడా ఇష్టపడి కొన్నారు. వంటింటి సామాను చేసేవాళ్లు అప్పటిదాకా పట్టు గురించి ఇంత ఆలోచించలేదు.

మన కొట్లలో పైన ప్లాస్టిక్ గుబ్బ, కింద స్టీలు పీచు ఉన్న స్క్రబ్బర్లు దొరుకుతాయి. గుబ్బ గుప్పిట్లో నిండుతుంది, అరచేతి మడమతో, భుజం బలంతో నొక్కవచ్చు. దోసెపెనం, కుక్కరు అడుగు, పొయ్యి గట్టు లాంటి చదునైన చోట్ల దీనికి సాటి లేదు. గుబ్బ మూడు నాలుగు సెంటీమీటర్ల మందం ఉండి, నున్నగా కాకుండా గీతలుండాలి. అదే గుబ్బతో గ్లాసు లోపల తోమాలంటే చెయ్యే పట్టదు. గ్యాస్కెట్ కూర్చునే కుక్కరు మూత గాడిలోకి అది దూరదు. పొడుగు పిడి బ్రష్షులకు ఇంకో ఇబ్బంది: చివర్న ఒత్తిడి పడాలంటే మణికట్టే మోయాలి. గాజు సీసాలకు అవి సరే, మూకుడుకు పనికిరావు. ఇంకా, గుబ్బకూ పీచుకూ మధ్య కీలులో మెతుకులు ఇరుక్కుంటాయి. అక్కడ తేలిగ్గా విడదీసి కడిగే ఏర్పాటు లేనిది నేనైతే కొనను.

అన్నిటికీ ఒకే పీచు చాలదన్నది వంటింట్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. చదునుకు గుబ్బది, గ్లాసులకూ గాళ్లకూ గాడి తీసిన స్పాంజిది ఉంటే రెండూ కలిపినా ఖర్చు పెద్దది కాదు.

కొలత ఎంత ఉండాలి?

ఎవరి చేతికి? అది ముందు తేలాలి. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో దేబ్‌కుమార్ చక్రవర్తి సేకరించిన భారతీయుల శరీర కొలతల పుస్తకాన్ని ప్రచురించింది. డిజైనర్లు మన చేతులకు తగ్గట్టు వస్తువులు చేయడానికి పనికొచ్చే లెక్కలు అందులో ఉన్నాయి. ఇంట్లో అయితే ఒక కొలత చాలు. నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి మెటికల దగ్గర అడ్డంగా కొలవండి. ప్యాడ్ వెడల్పు దానికన్నా ఓ అర సెంటీమీటరు ఎక్కువుంటే నాలుగు వేళ్లూ పూర్తిగా దానిమీద కూర్చుంటాయి. తక్కువైతే చిటికెనవేలు బయటే ఉండి గిన్నెకు గీసుకుంటుంది. మరీ ఎక్కువైతే అంచులు మడతపడి, ఆ మడతను పట్టుకోవడానికే బలం పోతుంది.

మా వీధిలో నాలుగిళ్ల అంట్లు తోమే ఆవిడను ఈ మాటే అడిగాను. "పచ్చది చేతుల నిలవదమ్మా, జారిపోతది. స్టీలుదైతే మాడును పట్టుకుంటది గానీ ఏళ్లు కోస్కపోతయి" అంది. ఆవిడ దగ్గర దీనికి ఒక మార్గం ఉంది. పాత బనీను ముక్కను ఉండలా చుట్టి, దానిమీద పచ్చ ప్యాడ్ కప్పి, రెండింటినీ కలిపి గుప్పిట్లో పట్టుకుంటుంది. చేతికి తగిలేది నూలు గుడ్డ. అరచెయ్యి నిండుతుంది. బొటనవేలు ఊరికే పక్కన ఆని ఉంటుంది, నొక్కదు. తోముతుంటే చూశాను: ముంజేతి కండరం కదులుతోంది గానీ వేళ్ల మెటికలు తెల్లబడటం లేదు. ఏ పుస్తకమూ చదవకుండా ఆవిడ పట్టునూ తోమడాన్నీ విడదీసింది. చిక్కల్లా గుడ్డ నీరు పీల్చి బరువెక్కడం. మాటిమాటికీ పిండాలి, పిండటం అంటే మణికట్టు మెలితిప్పడమే. ఆవిడ ఉండ స్థానంలో నీరు పీల్చని మెత్తటి రబ్బరు ఉండ పెట్టి, దానికి ప్యాడ్ తొడిగి తీసేలా చేస్తే అది అమ్ముడుపోయే సరుకవుతుందని నా నమ్మకం. ఇళ్లలో స్క్రబ్బరు కొనేవాళ్లు ఒకరు, దాంతో తోమేవాళ్లు ఒకరు. నొప్పి ఎవరికో వాళ్లే ఎంచుకునే వీలుండాలి. నెలకోసారి ఆ నాలుగు డబ్బులూ ఆవిడ చేతిలో పెట్టి నచ్చింది తెచ్చుకోమనడం అంత కష్టమేమీ కాదు.

స్పాంజి ఆరకపోతే?

వాసన వస్తుంది, జిగురుగా తయారవుతుంది, పట్టూ పోతుంది. జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు వాడిన వంటింటి స్పాంజిలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో వాటిలో సూక్ష్మజీవులు అతి దట్టంగా ఉన్నాయని తేలింది. పట్టు కోసం మందం పెంచితే ఆరడానికి సమయం పెరుగుతుంది. డిజైన్ చేసేవాళ్లు ఈ రెండిటి మధ్య ఒప్పందం కుదర్చాలి. వేలాడదీయడానికి ఒక రంధ్రం చాలా మేలు చేస్తుంది. వాడేవాళ్లు మెలితిప్పి పిండకుండా సింకు గోడకు ఆనించి అరచేత్తో నొక్కితే నీరు పోతుంది, మణికట్టుకు శ్రమ ఉండదు. పచ్చముఖం ఇంకా గరుకుగానే ఉన్నా, స్పాంజి అణిగిపోయి తిరిగి లేవడం లేదంటే ఆ ప్యాడ్ పని అయిపోయినట్టే. దాన్ని బాత్రూము కుళాయిలకు పంపి కొత్తది తీసుకోవాలి.

వేళ్లు ముడవలేని వాళ్లు ఎలా తోముకోవాలి?

కీళ్లవాతం ఉన్నవాళ్లకు, పక్షవాతం తర్వాత పట్టు తగ్గినవాళ్లకు, వయసు మీదపడ్డ అమ్మమ్మలకు గాడీ గుబ్బా కూడా చాలవు. వాళ్లకు పట్టుకోవడమే వద్దు. ప్యాడే చేతిని పట్టుకోవాలి. వేళ్లు చాపి ఉంచితే చాలు, భుజమే నడుపుతుంది.

ఇది ఇంట్లో కుట్టుకోవచ్చు. స్పాంజి ఉన్న ప్యాడ్, మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఎలాస్టిక్ ముక్క, గట్టి నైలాన్ దారం కావాలి. ఎలాస్టిక్‌ను స్పాంజి వైపు అడ్డంగా పరిచి రెండు అంచుల దగ్గరా కుట్టాలి. కుట్టు స్పాంజితో ఆగకుండా పచ్చ పొరలోంచి కూడా పోవాలి. స్పాంజి ఒక్కటే అయితే రెండు రోజుల్లో చిరుగుతుంది. పట్టీ వేళ్ల మెటికలకూ మధ్య కణుపులకూ నడుమ రావాలి. మణికట్టు వైపు జరిగితే ప్యాడ్ ముందుభాగం లేచిపోతుంది. బిగువు ఎంతంటే, చెయ్యి దూర్చాక పట్టీ కింద ఇంకో వేలు సులువుగా పట్టేంత. వేడినీళ్లు పడితే చెయ్యి ఒక్క విదిలింపుతో బయటికి రావాలి కాబట్టి ఇంకా బిగించకూడదు. తోమడం అయ్యాక ఆ పట్టీనే కుళాయికి తగిలిస్తే ప్యాడ్ ఆరుతుంది.